చొక్కా కింద తుపాకీ: విశ్వాసి ఏమి ఆలోచించాలి?

(బండ్రిలో యౌవనస్థుల కూడికలో ఒక పాస్టరు చేసిన ప్రసంగ పాఠం)

 

మీరు రాసి ఇచ్చిన ప్రశ్నల చీటీలన్నీ చదివాను. చదువు గురించి, పెళ్ళి గురించి, గనుల్లో పని గురించి చాలా అడిగారు. ఒక చీటీలో మాత్రం ఇలా ఉంది: "అయ్యగారూ, మన పేటను ఎవరైనా బెదిరిస్తే లైసెన్సు తీసుకుని తుపాకీ నడుముకు పెట్టుకోవచ్చా? అది పాపమా?" పేరు రాయలేదు. రాసిన వారిని వెతకవద్దు. మనలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. అందుకే ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. ముందు చట్టం, తరువాత జాగ్రత్తలు, తరువాత వాక్యం, చివరికి మన సంఘం చేయవలసిన పని.

ఈ నేలకు ఆయుధం కొత్త కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ఊళ్ళన్నిటి మీదా పాళెగాళ్ళ పెత్తనమే. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో వాళ్ళ సాయుధ బలగాలను అణచివేశాడు. ఆ తరువాత 1878 ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు కావాలి, ఐరోపావాడికి అక్కరలేదు. ఆయుధం ఎవరి దగ్గర ఉండవచ్చు అనేది ఎప్పుడూ అధికారం ఎవరిది అనే ప్రశ్నే. పాళెగాడి కాలంలోనూ అంతే, దొరల కాలంలోనూ అంతే. ముఠా కక్షల కాలంలో వేటకొడవలి, నాటు బాంబు ఎవరి ఇంట్లో దాచి ఉండేవో, ఎవరి ఇంటి బిడ్డలు వాటికి బలయ్యారో మీ పెద్దలను అడగండి, చెబుతారు.

ఇప్పుడు ఉన్నది 1959 ఆయుధాల చట్టం. మన రాజ్యాంగంలో తుపాకీ ప్రాథమిక హక్కు కాదు. 19వ అధికరణం సమావేశమయ్యే హక్కు ఇస్తూనే, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అని షరతు పెట్టింది. తుపాకీ ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. 21 ఏళ్ళు నిండాలి. పోలీసులు విచారించి నివేదిక ఇవ్వాలి. 2019 సవరణ తరువాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. లైసెన్సు లేకుండా నాటు తుపాకీ దాచుకుంటే జైలు తప్పదు. "మా తాత కాలం నాటిది" అన్న మాట న్యాయస్థానంలో నిలవదు. ఒక మంచి మాట కూడా ఆ చట్టంలో ఉంది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. అంటే కాగితం మీద భూస్వామి, కూలి సమానమే. కాగితం మీద.

సరే, న్యాయంగా లైసెన్సు వచ్చిందనుకోండి. ఎలా మోయాలి? సినిమాల్లో చూసినట్టు కాదు. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం బహిరంగ స్థలంలో చిన్న తుపాకీని ఒంటికి కట్టుకున్న ఒరలోనో, అలాంటి సంచిలోనో పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. దాని మీద పట్టు మోసేవాడిదే అయి ఉండాలి. బయటికి తీసి ఝుళిపించడం నిషేధం. పెళ్ళి ఊరేగింపులో గాలిలోకి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే 2 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కనిపించేలా నడుముకు తగిలించి వీధిలో తిరిగేవాడు రక్షణ కోసం తిరగడం లేదు, భయపెట్టడానికి తిరుగుతున్నాడు. చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు.

బట్టల సంగతి కూడా చెప్పాలి. ఇది తేలిక విషయం కాదు. పంచె రొంటిలో దోపుకున్న తుపాకీ బస్సు ఎక్కేటప్పుడు జారుతుంది. ప్యాంటు జేబులో తాళాలతో కలిపి పెడితే ఏదో ఒకటి ట్రిగ్గర్‌కు తగులుతుంది. గట్టి బెల్టు, ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసే గట్టి ఒర, దాని మీద వదులైన చొక్కా, ఇవి కావాలి. వంగినా, బండి ఎక్కినా, పిల్లవాడిని ఎత్తుకున్నా అది బయటపడకూడదు, కదలకూడదు. చేతిసంచిలో పెట్టుకుంటే సంచి చేయి విడవకూడదు. ఆరాధనలో చాప మీద పెట్టిన సంచిని ఆదివారపు బడి పిల్లలు తెరవరని ఎవరు హామీ ఇస్తారు? ఇన్ని జాగ్రత్తలు రోజంతా, ప్రతిరోజూ పాటించలేనివాడు తుపాకీ ఇంటికి తేకపోవడమే మంచిది.

శిక్షణ ఇంకా ముఖ్యం. లైసెన్సు రాకముందే భద్రతా శిక్షణ పొందాలని అదే నియమావళి చెబుతుంది. ఆ సర్టిఫికెట్టును కొనుక్కునే కాగితంగా చూడకండి. నాలుగు సూత్రాలు ఒంటికి పట్టాలి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. కాల్చకూడని దానివైపు గొట్టం తిప్పకూడదు. నిర్ణయించుకునే వరకు వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. గురి వెనుక ఏముందో తెలియాలి. పిస్టల్ నుండి తూటాల మ్యాగజీన్ తీసేసినా లోపల ఒక తూటా మిగిలి ఉండవచ్చు. శుభ్రం చేసేటప్పుడు ప్రాణాలు పోయేది చాలాసార్లు అక్కడే. 2024 నవంబరులో అమెరికాలోని అట్లాంటాలో మన తెలంగాణ విద్యార్థి ఒకరు తన పుట్టినరోజు నాడే తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. కన్నవారికి చేరింది శవపేటిక. ఆ బిడ్డ మీద శత్రువు ఎవరూ దాడి చేయలేదు.

చేయి నేర్చుకోగలదు, మరి కోపం? 2020 డిసెంబరు 18న ఆదిలాబాదులో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవ పెద్దలదాకా వెళ్ళింది. ఒక రాజకీయ పార్టీ జిల్లా అధ్యక్షుడు తన లైసెన్సు తుపాకీ తీసి కాల్చాడు. గాయపడిన ముగ్గురిలో ఒకరు తరువాత ఆసుపత్రిలో చనిపోయారు. 2022లో న్యాయస్థానం ఆ నాయకుడికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తుపాకీకి లైసెన్సు ఉంది, ఆయనకు సమాజంలో హోదా ఉంది. లేనిది ఒక్క నిమిషం ఓపిక. తుపాకీ లేకపోతే ఆ గొడవ బూతులతోనో, రెండు దెబ్బలతోనో ముగిసేది.

తుపాకీ ఉంటే ప్రాణం దక్కుతుందా? అనంతపురం జిల్లా వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పరిటాల రవీంద్రకు గన్‌మెన్లు ఉన్నారు. 2005 జనవరి 24న అనంతపురంలో సొంత పార్టీ కార్యాలయం ఆవరణలోనే ఆయనను చంపారు. ఆ హత్యకేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరిని 2011 జనవరిలో హైదరాబాదులో, ఆయన సొంత కారులోనే, పక్కన తిరిగే అనుచరుడే కాల్చి చంపాడు. ఒక తుపాకీకి జవాబు ఇంకో తుపాకీ అయితే ఆ లెక్క ఎక్కడా ఆగదు. చివరికి కారులో పక్కన కూర్చున్నవాడిని కూడా నమ్మలేని స్థితి వస్తుంది.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. బైబిలులో ఒంటికి ఆయుధం కట్టుకున్న ఇద్దరు నాకు బాగా గుర్తుంటారు. న్యాయాధిపతులు 3వ అధ్యాయంలో ఏహూదు. ఎడమచేతివాడు, కుడి తొడమీద వస్త్రం కింద కత్తి కట్టుకుని మోయాబు రాజు ఎగ్లోను దగ్గరికి వెళ్ళాడు. జనం 18 ఏళ్ళు అణచివేత కింద మూలిగిన తరువాత అది జరిగింది. రెండవవాడు యోవాబు. రెండవ సమూయేలు 20వ అధ్యాయంలో నడుముకు కత్తి కట్టుకుని, క్షేమమా అని అడుగుతూ, ముద్దు పెట్టుకుంటానని గడ్డం పట్టుకుని అమాశాను పొడిచాడు. ఇద్దరి దగ్గరా ఆయుధం ఉంది. ఒకరు అణచివేసే రాజుకు ఎదురు నిలిచారు, ఇంకొకరు తన పదవికి పోటీ వచ్చిన సహోదరుణ్ణి చంపారు. గ్రంథం ఏహూదును విమోచకుడు అంది, యోవాబు మీద మాత్రం నిర్దోషి రక్తం ఉందని చెప్పింది. కాబట్టి విశ్వాసి మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: నా చొక్కా కింద ఉన్నది ఎవరి భయం? నా పేట భయమా, నా అహంకారమా?

దావీదు సంగతి కూడా చూడండి. సౌలు తన కవచం తొడిగి, కత్తి ఇచ్చి పంపబోయాడు. వాడుక లేని వాటితో నడవలేనని దావీదు తీసేశాడు. రాజు ఇచ్చినంత మాత్రాన ఆయుధం మనది కాదు. నెహెమ్యా గోడ కట్టేవారి చేతికి ఆయుధం కూడా ఇచ్చాడు, కాపలా పెట్టాడు. ఎజ్రా మాత్రం రాజు దగ్గర సైనికులను అడగడానికి సిగ్గుపడి, ఉపవాసముండి ప్రయాణం చేశాడు. ఇద్దరూ భక్తులే. అందుకే కాపలా పెట్టుకున్న వాడిని చూసి అవిశ్వాసి అని నేను అనను.

అయితే మన ప్రభువు గెత్సేమనే తోటలో ఏమి చేశాడో మరవకూడదు. పేతురు దగ్గర కత్తి ఉంది. బహుశా పై వస్త్రం కిందే ఉండి ఉంటుంది. భయంలో దూశాడు, పడింది మల్కు చెవి. మల్కు ప్రధాన యాజకుడు కాదు, ఆయన దాసుడు. ఆయుధం చాలాసార్లు పెద్దవాడిని వదిలి పనివాడి మీద పడుతుంది. యేసు ఆ చెవిని బాగుచేశాడు, కత్తిని ఒరలో పెట్టమన్నాడు. మనల్ని బెదిరించడానికి వచ్చేవాడు కూడా ఎక్కువసార్లు ఇంకెవరో పంపిన కూలివాడే.

అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో అనుమతి పత్రం లేకుండానే చొక్కా కింద తుపాకీ పెట్టుకుని తిరగవచ్చు. 2015 జూన్ 17న చార్లెస్టన్ పట్టణంలో నల్లజాతి సంఘం బైబిలు పఠనంలో కూర్చున్న 9 మందిని ఒక జాతివాది కాల్చి చంపాడు. 2019 డిసెంబరులో టెక్సస్‌లో ఇంకొక ఆలయంలో ఒకడు ఇద్దరు విశ్వాసులను కాల్చగానే, శిక్షణ పొందిన సంఘ కాపలాదారుడు క్షణాల్లో వాడిని పడగొట్టాడు. ఆ రోజు ఇంకా చాలామంది బతికారు, నిజమే. కానీ ఆయన అదే పనిలో ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చిన మనిషి. ఆయన పేరు చెప్పుకుని మనం శిక్షణ లేని చేతికి తుపాకీ ఇవ్వలేము.

ఇక అసలు సంగతి. చీటీ రాసిన తమ్ముడు అడిగింది తుపాకీ గురించి, కానీ ఆ ప్రశ్న లోపల ఉన్నది రక్షణ. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో దళితుల మీద జరిగిన హత్యాకాండలు మీకు తెలుసు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని 1995 నియమాల్లో 3వ నియమం చదవండి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతంలో దళితులు, గిరిజనులు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలను ప్రభుత్వం దగ్గర జమ చేయించాలి. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. అవసరమైతే దళితులకు, గిరిజనులకు ఆయుధ లైసెన్సులు ఇవ్వవచ్చు. ఎంతమంది అధికారులను ఈ నియమం గురించి మనం అడిగాం?

ఇక్కడే మన గాయం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఒక పాస్టరు కేసులో ఈ చట్టం ఆయనకు వర్తించదని చెప్పింది. కొట్టేవాడు మన కులాన్ని చూసే కొడతాడు. కేసు పెట్టేచోట మాత్రం మనకు కులం లేదంటారు. బాప్తిస్మం తీసుకున్నందుకు రక్షణ పోతే, ఆ ఖాళీలోకి తుపాకీ ఆలోచన వస్తుంది. ఆ తమ్ముడి ప్రశ్నకు ఇదే పుట్టిల్లు.

కాబట్టి నా జవాబు ఇది. చట్టబద్ధంగా, నిజమైన ప్రాణభయంతో, శిక్షణతో, దాచి మోసే మనిషిని నేను పాపి అనను. ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయ సంహిత కూడా ఇస్తుంది. అయితే పోలీసుల సాయం పొందే సమయం ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు. అవసరానికి మించి హాని చేయకూడదు. కానీ మన పేటకు తుపాకీ జవాబు అని నేను చెప్పను. ఒక ఇంట్లో ఒక తుపాకీ ఉంటే మిగతా 60 ఇళ్ళకు రక్షణ రాదు. పైగా రేపు కేసు వస్తే, మొదట ఆయుధం పట్టింది వీళ్ళే అని మన మీదే రాస్తారు.

మరి ఏమి చేయాలి? బెదిరింపు వచ్చిన రోజే తారీఖు, సమయం, సాక్షుల పేర్లతో ఒక నోటుబుక్కులో రాయండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టు పంపండి. ఎన్నికల వేళ లైసెన్సు ఆయుధాలు జమ చేయిస్తారు కదా, అందరివీ జమ అయ్యాయో లేదో సంఘం తరఫున అడగండి. ఇంట్లో పాత నాటు తుపాకీ ఉంటే న్యాయవాది సలహాతో అప్పగించండి. న్యాయం చదివే పిల్లలకు ప్రతి సంఘం ఏడాదికి ఒకరికైనా ఫీజు కట్టాలి. 1950 ఉత్తర్వు మార్చమని ప్రతి ఎమ్మెల్యేనూ ఎంపీనీ అడగాలి. ఆరాధన స్థలంలోకి తుపాకీ తేకూడదని సంఘ తీర్మానం చేయాలి. గన్‌మెన్లతో వచ్చే నాయకుడికీ అదే నియమం. అతిథి అని మినహాయింపు వద్దు.

చీటీ రాసిన తమ్ముడా, నువ్వు ఎవరివో నాకు తెలియదు. ఆ భయం నీ ఒక్కడిది కాదు. కూడిక అయ్యాక ఇక్కడే ఉంటాను, నీకు వచ్చిన బెదిరింపు ఏమిటో నాతో గానీ పెద్దలతో గానీ చెప్పు. రేపే కలిసి స్టేషనుకు వెళదాం.

ప్రార్థన చేద్దాం, లేచి నిలబడండి.