ముందు కథ విందాం, గ్రామర్ తర్వాత

తెలుగులో "వెళ్లి, ఫారం నింపి, డబ్బు కట్టి, కూర్చున్నాను" అంటాం. కాలం చెప్పేది చివరి క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో వెంట్, ఫిల్డ్, పెయిడ్, శాట్... అన్నీ మార్చాలి. మనం తడబడేది అక్కడే.

మా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఆపరేషన్ రోజు గురించి చెప్తూ "ఐ గో హాస్పిటల్" అంది. వెనక నుంచి ఎవరో "గో కాదు, వెంట్" అన్నారు. అంతే, ఆగిపోయింది.

"అది వదిలెయ్. అప్పుడు నీకేమనిపించిందమ్మా?" అని తెలుగులోనే అడిగాను. సొంత అనుభవాల కథల మీద 1967లో లబోవ్, వాలెట్‌స్కీ రాసింది ఇదే: జరిగింది చెప్తే చాలదు, ఎందుకు చెప్తున్నామో వినేవాళ్లకి తెలియాలి.

"నాన్న చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా సార్" అంది. ఆ మాటని ఇంగ్లీషులో పెట్టడానికి క్లాసంతా సాయం చేసింది. రెండోసారి చెప్పినప్పుడు "వెంట్" తనే అంది. "శాట్" ఇంకా రాలేదు, వస్తుందిలే.