నాయకుడు లేని దినమున
(సంఘములోని ఉద్యోగస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మనలో ఉపాధ్యాయులున్నారు, నర్సులున్నారు, రైల్వేలోను బ్యాంకులలోను పనిచేయువారున్నారు. మనలో చాలమంది చేతిక్రింద నలుగురైనను పని నేర్చుకొనుచున్నారు. కనుక నేర్పించుట ఎట్లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహమునుండి ఈ సాయంకాలము ఆలోచింతము.

మొదటిది, తర్ఫీదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనసమూహము పోలీసుస్టేషనుకు నిప్పుపెట్టగా 22 మంది పోలీసులు చనిపోయిరి. గాంధీజీ దేశమంతట సాగుచున్న ఉద్యమమునే నిలిపివేసిరి. తర్ఫీదులేని ఉత్సాహము ఎంత ప్రమాదకరమో దేశము చూచినది. 1930లో ఆయన పిలిచినయెడల వేలమంది వచ్చెడివారే. అయినను మార్చి 12న సబర్మతినుండి ఆయన వెంట బయలుదేరినవారు 78 మంది మాత్రమే. వారు ఆశ్రమ నియమములకు అలవాటుపడినవారు. పాయిఖానాలు శుభ్రపరచుట, నూలు వడకుట, వేళకు ప్రార్థనకు వచ్చుట ఆశ్రమములో నిత్యకృత్యములు. ఆశ్రమపు పాడి పనులు చూచుకొనుచుండిన కేరళ క్రైస్తవ యువకుడు టైటస్, ఆంధ్రుడైన సుబ్రహ్మణ్యం వారిలో ఉండిరి. సుమారు 240 మైళ్ల ఆ నడకలోను ప్రతిదినము నూలు వడకవలెను, దినచర్య వ్రాయవలెను. చిన్న పనిలో నిలకడ చూపినవారికే పెద్ద పని అప్పగింపబడెను.

రెండవది, నాయకుడు తన నియమమునకు తానే మొదట లోబడుట. యాత్రకు ముందు వైస్రాయికి వ్రాసిన లేఖలో, సగటు భారతీయుని దినసరి ఆదాయము రెండణాలైనను లేనప్పుడు వైస్రాయి జీతము నెలకు 21,000 రూపాయలని గాంధీజీ ఎత్తిచూపిరి. తీరా యాత్రలో తమ కొరకు సూరతునుండి లారీలో కూరగాయలు వచ్చుచున్నవనియు, రాత్రివేళ ఒక కూలివాడు బరువైన కిట్సన్ దీపమును తలపై మోయుచున్నాడనియు ఆయన గమనించిరి. మార్చి 29న భట్గాం గ్రామములో అందరియెదుట తమ బృందమునే మందలించిరి. ఇట్టి ఖర్చు చేయు మనకు వైస్రాయిని విమర్శించు హక్కెక్కడిదని ఆయన భావము. ఆ తప్పును ఇతరులపై నెట్టక తనమీదను వేసికొనిరి. మన ఆఫీసులో ఆలస్యముగా వచ్చు పెద్ద, వేళకు రమ్మని చిన్నవారికి ఏమని చెప్పగలడు?

మూడవది, తన తరువాత ఎవరని ముందే నిర్ణయించుట. ఏప్రిల్ 6న దండి సముద్రతీరమున ఆయన ఉప్పు తీసిరి. మే 5 తెల్లవారకముందే ఆయనను అరెస్టు చేసిరి. పని ఆగలేదు. బరోడాలో న్యాయమూర్తిగా పనిచేసిన 76 ఏండ్ల అబ్బాస్ తయ్యబ్జీ ముందుకు వచ్చిరి. ఆయనను కూడ అరెస్టు చేయగా, హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు గారు నాయకత్వము వహించిరి. మే 21న ధరాసనలో సుమారు 2,500 మంది వాలంటీర్లు వరుసలుగా ఉప్పు కొఠారులవైపు నడచిరి. లాఠీదెబ్బలకు తలలు పగిలి పడుచున్నను తిరిగి చేయెత్తలేదు. ఎనిమిదేండ్ల క్రిందటి చౌరీచౌరాతో దీనిని పోల్చి చూడుడి. అప్పుడు గాంధీజీ జైలులో ఉన్నారు. ఆయన నేర్పినది మాత్రము ఆ వరుసలలో ఉన్నది.

ప్రియులారా, మనలో కొందరము పని రహస్యమును తాళపుచెవివలె మొలలో దాచుకొందుము. నేర్పినచో మన విలువ తగ్గునని భయము. మనము సెలవు పెట్టిన దినమున ఫైలు కదలనిచో అది మన గొప్పతనము కాదు, మనము నేర్పలేదనుటకు సాక్ష్యము. సంఘములోను అంతే. కోశాధికారి లెక్కలు, సండేస్కూలు పాఠము, క్వయరు నడిపింపు ఒక్కరి చేతిలోనే ముగిసిపోరాదు. ఈ వారమే మన ప్రక్కనున్న ఒక చిన్నవానిని, ఒక చిన్నదానిని పిలిచి, మనకు తెలిసిన పనిలో ఒకటి చేతికిచ్చి, వారు చేయుచుండగా ఓపికతో చూతము. మన తరువాతి నూరేండ్లు వారి చేతులలోనే ఉన్నవి.