కొవ్వు పొరలో మందు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మందుల గురించి మాట్లాడడానికి నేనెవరిని? ముప్పై యేళ్ళు బిల్లులు రాసిన గుమాస్తాను. అయితే ఈ మందు సంగతి నాకు తెలిసింది కూడా ఒక బిల్లు వల్లనే.

2021 మే నెల. కరోనా తగ్గి ఇంటికి వచ్చిన మా బావమరిదికి పైపళ్ళ నొప్పి, కంటి కింద వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం మొదలైనాయి. షుగరు పాతదే. కరోనాకు వాడిన స్టెరాయిడ్లతో అది 400 దాటింది. ఇంట్లో ఎవరమూ పరీక్ష చేయించలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. తెల్లవారుజామున కారు మాట్లాడుకుని, కురిచేడు నుంచి వినుకొండ మీదుగా గుంటూరు చేర్చాము. బ్లాక్ ఫంగస్ అన్నారు.

మందు పేరు ఆంఫోటెరిసిన్-బి. ఒకే పేరుతో రెండు రకాలు. ఒకటి వందల్లో, రెండోది వేలల్లో. ఖరీదైన దాని ముందు 'లైపోసోమల్' అని ఉంది. ఆడిటు అభ్యంతరాలకు జవాబులు రాసిన ప్రాణం ఊరుకోదు గదా! "ఒకే మందుకు రెండు ధరలేమిటండీ?" అని అడిగేశాను.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పారు. ఈ మందు బూజు కణం పైపొరను చిల్లులు పొడిచి చంపుతుంది. మామూలు రకం మన మూత్రపిండాలనూ వదలదు, చలి, వణుకు తెస్తుంది. అందుకని దాన్ని సోయా నుంచి తీసిన కొవ్వు, కొలెస్టరాల్ కలిపిన సన్నని గోళీల పొరలో ఇముడుస్తారు. వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉంటుందట ఒక్కొక్క గోళీ. బూజును చేరినాకనే ఎక్కువ మందు బయటపడుతుంది, మూత్రపిండాలకు దెబ్బ తగ్గుతుంది. నేయి మానుకోమని మనల్ని పోరే కొలెస్టరాల్ అక్కడ కాపలా కాస్తున్నది, చూశారా!

ఇటువంటి కొవ్వు గోళీలు నీటిలో వాటంతట అవే ఏర్పడతాయని 1960లలో ఇంగ్లండులో బాంగ్‌హామ్ అనే శాస్త్రవేత్త గమనించారు. 1995లో అమెరికాలో కేన్సరు మందు డాక్సిల్ ఈ పద్ధతిలోనే అనుమతి పొందింది. ఫైజర్, మోడెర్నా కరోనా టీకాలలోనూ కొవ్వు తొడుగే. మన కోవిషీల్డు, కోవాక్సిన్‌లలో అది లేదు.

మళ్ళీ మా లెక్కకు వస్తాను. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. మావాడు 60 కిలోలు, అంటే 300. సీసాకు 50. రోజుకు ఆరు సీసాలు! ఆ మే నెలలోనే బ్లాక్ ఫంగస్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చారు, సంతోషమే. కాని డబ్బున్నా, కార్డున్నా సీసా దొరకాలి గదా. ఒకరోజు నాలుగే వచ్చాయి. తర్వాత రెండు రోజులు అసలు లేవు, మామూలు రకం ఎక్కించారు. క్రియాటినిన్ పెరిగింది. నేను ధర అడిగిన తేడా ఆ రిపోర్టులో కనపడింది. మూడో రోజు మళ్ళీ సీసాలు వచ్చాయి.

ప్రాణం దక్కింది. ఎడమ కన్ను తీసేశారు.

ఇప్పుడు నెలనెలా షుగరు పరీక్ష చేయించుకుని, "ఆడిటు చెయ్యి బావా" అంటూ ఆ కాగితం నా చేతిలో పెడతాడు.