తృప్తి యనగా నేమి? — నేపాళమున సురక్షిత గర్భవిచ్ఛిత్తి



నేటి ప్రసంగవిషయము పదిమంది యెదుట మాటలాడుటకు మనము జంకునట్టిది. ఐనను మంత్రసాని యెఱిగిన సంగతియే. ఏ యూరికిని క్రొత్త గాదు. వలదనుకొన్న గర్భమును తీయించుకొన వచ్చిన స్త్రీ, వైద్యశాల నుండి తృప్తితో మరలుచున్నదా? నేపాళదేశపు నిదర్శనముతో ఈ ప్రశ్నను విచారింతము.

2002 సంవత్సరము వఱకు అచ్చట గర్భము తీయించుకొనుట నేరము. చెఱసాలలలోని స్త్రీలలో ఇంచుమించు ఐదవవంతు ఈ నేరము మోపబడినవారే యని చెప్పుదురు. తక్కినవారు చాటుమాటున పుల్లలును, వేళ్లును, పసరులును వాడి, రక్తము పోయి, చీము పట్టి, పెక్కండ్రు ప్రాణములు గోలుపోయిరి. ఆ యేట చట్టము మాఱినది. 12 వారముల లోపల స్త్రీ సమ్మతి యొక్కటియే చాలును. భర్త యనుమతి యక్కఱలేదు. 2004 మార్చిలో ఖాట్మండు ప్రసూతి వైద్యశాలలో ఈ సేవ మొదలయ్యెను. 2009లో మాత్రల పద్ధతి వచ్చినది. పిమ్మట శిక్షణ పొందిన నర్సులును ఆ మాత్రల నిచ్చుచున్నారు. 1996లో లక్ష కాన్పులకు 539 మంది తల్లులు మరణించుచుండగా, 2016 నాటికి ఆ సంఖ్య 239 అయ్యెను. ఇదంతయు చట్టము చేతనే యని నే ననను. పెక్కు కారణములలో నిదియు నొకటి.

ఇక తృప్తి మాట. పని ముగించుకొని వెడలివచ్చు స్త్రీని వాకిట నిలిపి, "అమ్మా, తృప్తి కలిగినదా?" యని యడిగినచో, పేద దేశములలో చాలమంది "కలిగినది" అనియే చెప్పుదురు. అధికారులు విని సంతసింతురు. నాకు మాత్రము సంశయమే. చావునకు వెఱచి వచ్చి, బ్రదికి పోవుచున్న యామె నోట వేఱు మాట యెట్లు వచ్చును? అడుగువారు ఆ వైద్యశాలవారే యైనచో, మరల రావలసిన చోటిని గూర్చి చెడుగా చెప్పునా? కసరుకొన్న నర్సును, పదుగురు వినునట్లు పేరు పెట్టి పిలిచిన గుమాస్తాను, నొప్పికి మందీయని వైద్యుని ఆమె మనసులోనే దాచుకొనును. కావున విడివిడిగా నడుగవలెను. నీతో మాటలాడునప్పుడు తలుపు మూసిరా? ఏమి జరుగునో ముందుగా చెప్పిరా? ఎంత రక్తము పోయినచో మరల రావలయునో తెలిపిరా? మరల గర్భము రాకుండ నీ కిష్టమైన సాధనము నిచ్చిరా, లేక తమ కిష్టమైనదానికై నిర్బంధించిరా? నీ చెల్లెలికి అవసరమైనచో ఇచ్చటికే తోడ్కొని వత్తువా? ఈ కడపటి ప్రశ్నకు వచ్చు జవాబునే నేను నమ్ముదును.

మఱి, ఆ వాకిలి చేరని స్త్రీ నెవ్వ రడుగుదురు? నేపాళపు పడమటి కొండలలో ఐదుగురు బిడ్డల తల్లి యొకతె ఆఱవమాఱు గర్భవతి యయ్యెను. భార్యాభర్త లిరువురును ప్రభుత్వ వైద్యశాలకు పోగా, 1,130 రూపాయలు చెల్లింపు మనిరి. అంత సొమ్ము లేక మరలివచ్చి, ఆ బిడ్డను కనెను. చట్టమున్నది, వైద్యశాల యున్నది, వైద్యుడున్నాడు, రూపాయలే లేవు. తృప్తిని లెక్కించు ఏ పట్టికలోను ఆమె లేదు. ఆమె వ్యాజ్యమున 2009లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము, సొమ్ము లేని కారణమున హక్కు పోరాదనియు, ప్రభుత్వమే నిధి నేర్పఱుపవలెననియు తీర్పు చెప్పెను. 2018 నాటి చట్టము ప్రభుత్వ వైద్యశాలలలో ఈ సేవను ఉచితము గావించి, స్త్రీ సంగతి రహస్యముగ నుంచవలెనని విధించెను. ఐనను చట్టము మాఱినదని యెఱుగని స్త్రీలు ఆ కొండలలో నేటికిని గలరు. అంగడిలో నేదో మాత్ర కొని మ్రింగువారును గలరు.

మన దేశమునను 1971లోనే చట్టము వచ్చినది. మీ యూరి స్త్రీ యెవతె యైనను ఆరోగ్యకేంద్రమునకు పోవలసి వచ్చినప్పుడు, ఆమెకు బండి కుదిర్చి పంపుట మీ చేతిలోని పని. ఏల పోయినదని రచ్చబండ కడ అడుగకుండుటయు మీ చేతిలోనిదే. తొలివారములలో నీ వైద్యము మిక్కిలి సులభము. మాట బయటపడునను భయముచేతనే వారములు గడపి, ఆలస్యమైన పిమ్మట పోవువారు మన గ్రామములలోను గలరు.