కార్డు చెల్లింపులపై వట్టము: మన వర్తకులెరుగవలసిన లెక్క

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. మేము అంత గొప్ప విషయమును గాక, మన దుకాణములలో దినదినము జరుగుచున్న యొక చిన్న లెక్కను మీ సన్నిధిని విప్పి చెప్పదలచితిమి. చిన్నదేయైనను, మగ్గమును నమ్ముకొన్న మన యిండ్లలో మిగులెంతయో తేల్చునది యీ లెక్కయే.

మా చీరల దుకాణమును అంతర్జాలమున తెరచిన తొలినెలలో క్రెడిట్ కార్డులమీద లక్ష రూపాయల సరకు అమ్ముడుపోయెను. ఖాతాలో జమపడినది 97,640 రూపాయలు. తక్కిన 2,360 రూపాయలు ఎవరో యపహరించిరని మేము కలతజెంది, ఫిర్యాదు వ్రాయుటకు గూడ సిద్ధపడితిమి. అప్పుడు మా కోడలు నెలవారీ లెక్కపత్రమును తెరచి, నూటికి 2 చొప్పున రుసుము 2,000 రూపాయలనియు, ఆ రుసుముపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. 360 రూపాయలనియు చూపెను. దొంగతనమేమియు లేదు. మేము సంతకము చేసిన యొడంబడికలోనే యంతయు నున్నది. చదువక సంతకము చేయుట మా తప్పు.

ఈ రుసుము మన పూర్వులెరుగనిది కాదు. హుండీని గడువునకు ముందే సొమ్ముగా మార్చుకొనవలసి వచ్చినపుడు వర్తకులు వట్టము విడిచెడివారు. నేడు దీనికి మర్చంట్ డిస్కౌంట్ రేటని పేరు. డిస్కౌంటనగా వట్టమే. కొనువారు కార్డుపై తీసికొన్న సొమ్మును తమ బ్యాంకునకు కొన్ని వారముల పిమ్మట చెల్లింతురు. అమ్మినవారికో, సాధారణముగా కొలదిదినములలోనే ముట్టును. నడుమ గడువును, ఎగవేత భయమును మోయువారొకరుండవలెను గదా!

ఆ వట్టమును పంచుకొనువారు నలుగురు. మొదటివారు కొనువారికి కార్డునిచ్చిన బ్యాంకివారు. సామాన్యముగా పెద్దభాగము వీరిదే. దీనిని ఇంటర్‌చేంజి యందురు. కార్డుదారులకిచ్చు బహుమతి పాయింట్ల ఖర్చునకు గూడ నిదియే యాధారము. రెండవవారు వీసా, మాస్టర్‌కార్డ్, రూపే మొదలగు కార్డు యంత్రాంగములవారు. మూడవవారు అమ్మినవారి పక్షమున సొమ్ము రాబట్టు బ్యాంకివారు. నాల్గవవారు మన దుకాణపు పుటను ఆ బ్యాంకులతో కలుపు పేమెంట్ గేట్‌వేవారు. ఒడంబడికను బట్టియు, కార్డు జాతిని బట్టియు వీరి భాగములు మారుచుండును.

కార్డు కంటికి కనబడని యమ్మకములో మోసమున కవకాశమెక్కువ. అందువలననే 2009 ఆగస్టు 1వ తేది నుండి అంతర్జాలపు కార్డు చెల్లింపులకు కార్డుమీది యంకెలు గాక మరియొక ధ్రువీకరణ ముండవలెనని రిజర్వు బ్యాంకివారు విధించిరి. ఓ.టి.పి. యడుగుట మనకు విసుగుగా దోచినను, అది మనకు కాపుదల.

ఇక ముఖ్యవిషయము. వట్టము లాభముపై గాక మొత్తము వెలపై పడును. లక్ష రూపాయల యమ్మకమున నూటికి 10 మిగులునెడల మన లాభము 10,000 రూపాయలు. అందులో 2,360 పోయినచో, నూటికి రెండనుకొన్నది లాభములో దాదాపు నాలుగవవంతైనది! విదేశములందలి మన బంధువులు పెండ్లిచీరలకై పంపు సొమ్ము విదేశపు కార్డులమీద వచ్చుచున్నది. వానికి రేటు హెచ్చు. నూటికి 3 అయినచో జి.ఎస్.టి.తో 3,540 రూపాయలు, అనగా లాభములో మూడవవంతునకు పైమాట. వెల నిర్ణయించునపుడే నూలు, రంగు, కూలి, తపాలా ఖర్చులతోపాటు ఈ పద్దును గూడ వ్రాసికొనవలెను. జి.ఎస్.టి.లో సాధారణరీతిని నమోదైనవారు రుసుముపై కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకొనవచ్చును. కాంపొజిషన్ పద్ధతి నెన్నుకొన్నవారికిని, నమోదుకానివారికిని ఆ వీలులేదు.

వట్టములేని మార్గములును గలవు. బ్యాంకు ఖాతానుండి నేరుగా వచ్చు యు.పి.ఐ. చెల్లింపులకును, రూపే డెబిట్ కార్డులకును 2020 జనవరి 1వ తేది నుండి ఈ వట్టము లేదు. గేట్‌వేవారు తమ సేవకు వేరుగా కొంత యడుగవచ్చును గాన విచారింపవలెను. రూపే క్రెడిట్ కార్డును యు.పి.ఐ.తో ముడివెట్టు పద్ధతి 2022లో వచ్చినది. యు.పి.ఐ. యని పేరుచూచి అట్టి చెల్లింపునకును రుసుము లేదనుకొనరాదు.

మరి రెండు జాగ్రత్తలు. చీర తిరిగివచ్చినపుడు కొనువారికి పూర్తివెల నిత్తుముగాని, మనము చెల్లించిన వట్టము సాధారణముగా తిరిగిరాదు. 5,000 రూపాయల చీర కొకదానికి 118 రూపాయలు పోయినట్లే. కావున రంగును, కొలతను, నేతను ఉన్నదున్నట్లు చూపుటయే మేలు. ఇక సరకు చేరలేదనియో, తాము కొనలేదనియో కార్డుదారులు తమ బ్యాంకుతో వాదించినపుడు జమయైన సొమ్మును వెనుకకు లాగుదురు. దీనికి చార్జ్‌బ్యాక్ అని పేరు. కొరియరు రసీదును, బిల్లును, ఉత్తరప్రత్యుత్తరములను భద్రపరచినవారికే ప్రత్యుత్తర మిచ్చుటకు వీలుండును.

వట్టమును కొనువారి నెత్తిన రుద్దుదమని కొందరందురు. డెబిట్ కార్డు విషయమున రిజర్వు బ్యాంకివారు దానిని నిషేధించియున్నారు. క్రెడిట్ కార్డు విషయమున ఒడంబడిక చూడక యట్లు చేయరాదు. చివరిపుటలో హఠాత్తుగా వెల పెరిగినచో కొనువారు వెనుదిరిగిపోవుట మేమును చూచితిమి.

కడపట నొక మనవి. ఐరోపా సమాఖ్యవారు 2015లో శాసనముచేసి, సామాన్య ప్రజల క్రెడిట్ కార్డులపై ఇంటర్‌చేంజి నూటికి 30 పైసల వంతునకు మించరాదని కట్టడిచేసిరి. మనదేశమున డెబిట్ కార్డుల వట్టమునకు రిజర్వు బ్యాంకివారు 2018 జనవరి 1వ తేది నుండి క్రొత్త పరిమితి పెట్టిరి. క్రెడిట్ కార్డులకట్టి పరిమితి లేదు. అనగా ఆ రేటు బేరముచేతనే తేలును. బేరమున నెక్కువ సరకుగలవాని మాటయే చెల్లును. ఒంటరిగా నెలకు లక్ష యమ్మువానిని ఎవరు లక్ష్యపెట్టుదురు? ఏబదిమంది కలిసి యడిగినచో బదులీయకుందురా?

విడివిడిగా కొన్నచో ప్రియమైన నూలును సహకారసంఘములు కలిసికొని చౌకచేసికొన్న విధము మనకు తెలియును. ఆ విధముగనే ఈ సంఘము అంతర్జాలమున అమ్ము మన కులబాంధవుల జాబితా వ్రాసి, వారి ఒడంబడికలను సరిపోల్చి, అందరిపక్షమున రేటు మాటలాడుటకు ఒక ఉపసంఘమును నియమింపవలెనని మేము కోరుచున్నాము. అంతవరకు ప్రతివారును ఇంటికిపోయి, గతమాసపు లెక్కపత్రమును తెరచి, వట్టమెంతయో, అది లాభములో ఎన్నవవంతో వ్రాసి చూచుకొందురు గాక. చదువుకొన్న కోడండ్రకును కుమార్తెలకును ఆ పని నప్పగించుటకు సిగ్గుపడవలదు. మా కన్నులు తెరచినది మా కోడలే.