పాత ఫోర్‌వీల్ పికప్పుకు పవర్ స్టీరింగ్: పని సరిగా చేయిద్దాం, హక్కుగా అడుగుదాం

(ఏజెన్సీ ప్రాంత కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన తరగతుల్లో మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి, పట్టాల గురించి మాట్లాడుకోవడం మామూలే. ఈ పూట స్టీరింగ్ గురించి మాట్లాడుకుందాం. ఇదేం విషయమని కొందరికి అనిపించవచ్చు. మన అల్లం, పసుపు, మిరియాలు, రాజ్మా సంతకు చేరేది ఏ బండి మీదో ఒకసారి తలుచుకోండి. పాడేరు, చింతపల్లి, అరకు వైపు కొండ ఊళ్లలో తారు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి మన సరుకు దింపేది పాత జీపు తరహా ఫోర్‌వీల్ పికప్పులే. వాటిలో చాలావాటికి పవర్ స్టీరింగ్ లేదు. ఘాట్‌లో మలుపు మలుపుకీ భుజాల బలంతో తిప్పాలి. రాయి మీద చక్రం ఎక్కితే స్టీరింగ్ ఎదురు తిరిగి బొటనవేలు విరగ్గొడుతుంది. అందుకే మన డ్రైవర్లు బొటనవేళ్లు లోపలికి పెట్టరు. యాభై దాటిన రైతు సొంత బండిని తానే నడపలేక డ్రైవర్‌కు కూలి ఇస్తున్నాడు. బండి నేర్చుకుందామని వచ్చిన ఆడపిల్లలు స్టీరింగ్ బరువు చూసి వెనక్కి పోతున్నారు. కనుక ఇది సోకు వ్యవహారం కాదు.

ఒక మాట పక్కనుంచి చెప్పుకుందాం. 1920ల్లో అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు పవర్ స్టీరింగ్ తయారుచేశాడు. ఆయన పనిచేసింది లారీల విభాగంలో. బరువు బండ్లు తిప్పే కష్టం చూసే ఆ ఆలోచన చేశాడు. మార్కెట్లో అమ్మకానికి వచ్చింది మాత్రం 1951లో, అదీ క్రైస్లర్ వారి ఖరీదైన కారులో. కష్టపడేవాడి కోసం పుట్టిన వస్తువు ముందు కలవాడి ఇంటికి పోవడం మనకు కొత్తేమీ కాదు కదా.

సరే, పని దగ్గరికి వద్దాం. బండి బరువుగా తిరుగుతోందని చెప్పగానే పవర్ స్టీరింగ్ వేయించమనేవాళ్లు ఉన్నారు. ముందు ఉన్న స్టీరింగ్ ఆరోగ్యం చూడాలి. ముందు ఇరుసును జాకీల మీద ఎత్తి, రెండు చక్రాలూ గాలిలో ఉండగా తిప్పి చూడండి. అప్పుడూ బిగుసుకుంటే తప్పు టైర్లది కాదు. డ్రాగ్ లింక్ విప్పేసి బాక్సును విడిగా, చక్రాలను విడిగా తిప్పితే జబ్బు ఎక్కడుందో తేలుతుంది. గెడ్డలు దాటే మన బండ్లలో కింగ్‌పిన్ బేరింగుల్లోకి నీరు చేరి గ్రీజు కొట్టుకుపోతుంది. చాలా బండ్లలో సగం బరువు అక్కడిదే. ముందు టైర్లలో గాలి తక్కువైనా, కంపెనీ చెప్పిన సైజు కన్నా వెడల్పు టైర్లు వేసినా బరువు పెరుగుతుంది. ఇంకోటి: బురద దాటాక ఫోర్‌వీల్ గేరు తీయకుండా తారు రోడ్డు మీద నడిపితే స్టీరింగ్ పట్టేసినట్టు ఉంటుంది. అది స్టీరింగ్ లోపం కాదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలి, ఆ గేరు తిరగనివ్వదు.

ఇవన్నీ చక్కబెట్టినా బరువు తగ్గకపోతే అప్పుడు పవర్ స్టీరింగ్. ట్రాక్టర్ హైడ్రాలిక్ లిఫ్టు తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో బాక్సులోకి పంపుతుంది. మనం స్టీరింగ్ కదపగానే లోపలి వాల్వు ఆ వైపుకు దారి ఇస్తుంది, ఆయిల్ పిస్టన్‌ను నెడుతుంది. కావలసిన సామాను బాక్సు, పంపు, పంపును ఇంజిన్‌కు పట్టించే బ్రాకెట్, పుల్లీ, ఆయిల్ డబ్బా, ఒత్తిడి తట్టుకునే హోసు, తిరుగు హోసు, బాక్సుకు తగిన డ్రాప్ ఆర్మ్, స్టీరింగ్ రాడ్డును బాక్సుకు కలిపే జాయింటు. అదే కంపెనీ తర్వాతి మోడళ్లలో పవర్ స్టీరింగ్‌తో వచ్చిన బండ్ల సామాను విజయవాడ, గాజువాక ఆటోనగర్లలో వెతుక్కుంటారు. మన మెకానిక్కులు ఈ పని చేయగలరు, వాళ్ల నేర్పును మేం తక్కువ చేయడం లేదు. కానీ ఖర్చు తగ్గించమని మనం ఒత్తిడి పెట్టినప్పుడు ఎక్కడ కోత పడుతుందో తెలిసి ఉండాలి.

మొదటి కోత వెల్డింగ్ దగ్గర పడుతుంది. డ్రాప్ ఆర్మ్ సరిపోకపోతే కాల్చి వంచుతారు, కోసి అతుకుతారు. అది ఫోర్జింగ్ చేసి పదును పెట్టిన ఇనుము. కాలిస్తే ఆ పదును పోతుంది. పైకి ఏమీ కనిపించదు, ఏదో ఒక రోజు లోడుతో దిగుతుండగా విరుగుతుంది. స్టీరింగ్ రాడ్డును అడ్డంగా కోసి అతికించిన బండ్లు కూడా చూశాం. అక్కడ ఉండవలసింది పళ్లు సరిగ్గా కూర్చునే జాయింటు, దాని బోల్టు. బాల్ జాయింటు టేపరు ఆర్మ్ రంధ్రానికి సరిపోనప్పుడు వాషర్లు పెట్టి బిగించడం మరో అలవాటు. ఈ మూడింటిలో ఏది కనిపించినా డబ్బు ఇవ్వకండి, బండి తీసుకోకండి. నట్టులో స్ప్లిట్ పిన్ ఉందో లేదో మీ కళ్లతో మీరే చూడండి.

రెండోది ఛాసీ. పాత బాక్సు మీద పడేది మన చేతి బలం. కొత్త బాక్సు మీద ఆయిల్ ఒత్తిడి కూడా పడుతుంది, ఆ తోపు అంతా ఛాసీయే మోయాలి. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన ఛాసీ బోల్టు రంధ్రాల దగ్గర పగులుతుంది. బాక్సు కూర్చునే చోట రంధ్రాల్లో గొట్టపు బుష్షులు వేసి, మందపు ప్లేటుతో బలం చేకూర్చాలి. పని అయ్యాక నెలకోసారి అక్కడ మట్టి తుడిచి గీత పడిందేమో చూసుకోవాలి.

మూడోది కోణాలు. డ్రాగ్ లింక్ ఎంత వాలుగా ఉంటే గుంతలో బండి అంతగా పక్కకు లాగుతుంది. స్ప్రింగు కట్టలు అణిగినప్పుడు స్టీరింగ్ తనంతట తాను తిరుగుతుంది. లోడు వేయించి గతుకుల దారిలో నడిపి చూడకుండా పని అయిపోయిందని ఒప్పుకోవద్దు. బాక్సును ఇరుసుకు ముందు పెట్టడానికీ వెనక పెట్టడానికీ తేడా ఉంది. వేరే బండి బాక్సు తెచ్చి తప్పు చోట బిగిస్తే కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు పోతుంది. నవ్వకండి, తిరగేసి విప్పి మళ్లీ బిగించిన షెడ్లున్నాయి. అలాగే చక్రం పూర్తిగా తిరిగినప్పుడు ముందు ఇరుసు మీది స్టాపర్ బోల్టు తగలాలి. అది తగలకముందే బాక్సు తన హద్దుకు చేరితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

ఇక నడిపే అలవాట్లు. దీన్ని గట్టిగా చెబుతున్నాం. డీజిల్ మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. పవర్ స్టీరింగ్ వేశాక అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. సులువుగా తిరుగుతున్న స్టీరింగ్ ఒక్కసారిగా పాత దానికన్నా బరువెక్కుతుంది. బ్రేక్ బూస్టర్ ఉన్న బండిలో బ్రేకు కూడా గట్టిపడుతుంది. బెల్టు తెగినా స్టీరింగ్ ఇలాగే బరువెక్కుతుంది. కనుక మంచి స్థితిలో ఉన్న బెల్టు ఒకటి బండిలోనే ఉంచండి. చక్రం పూర్తిగా తిప్పి అలాగే పట్టుకుని ఉంటే పంపు మూలుగుతుంది, ఆయిల్ కాగుతుంది, హోసు పగులుతుంది. మొదటి వారం లోడు లేకుండా నడపండి. బరువుకు అలవాటుపడిన చెయ్యి తేలిక స్టీరింగ్‌ను అవసరానికి మించి తిప్పేస్తుంది.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ రెండు పనులు చేసింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయవచ్చంది. యజమానులు బండికి అదనంగా అమర్చుకునే పరికరాలకు ప్రమాణాలు, అనుమతి షరతులు నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. జరిమానా వెంటనే మన మెడకు చుట్టుకుంది. పాత సరుకు బండ్ల పవర్ స్టీరింగ్‌కు ఏ షెడ్డుకైనా అర్థమయ్యే అనుమతి దారి మాత్రం మన ఊళ్లకు రాలేదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది ఇలాంటి మార్పులనే.

కొత్త బండి కొనుక్కోండి అని సలహా ఇచ్చేవారికి మా జవాబు ఇది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బండ్ల ఫిట్‌నెస్ రుసుములు పెంచారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, మంచిదే. కానీ పికప్పు మీద, దాని విడిభాగాల మీద 18 శాతం. పొలంలో దున్నే బండి రైతుది, పంట మోసే బండి వ్యాపారిది అన్న లెక్క కొండల్లో చెల్లదు. ఇక్కడ రెండూ రైతువే.

అందుకే సంఘం మూడు కోర్కెలతో రవాణా శాఖకు వినతిపత్రం సిద్ధం చేస్తోంది. పాత ఫోర్‌వీల్ పికప్పులకు పరీక్షించిన పవర్ స్టీరింగ్ కిట్లను ఆమోదించాలి. అమర్చే మెకానిక్కులకు ఐటీఐల్లో ఉచిత శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలి. తనిఖీకి బండిని మైదానానికి దింపే పని లేకుండా అధికారులే నెలకోసారి పాడేరు వచ్చి చూడాలి.

అంతవరకు ఎవరైనా ఈ పని మొదలుపెట్టదలిస్తే ముందుగా ఆర్‌టీఓ కార్యాలయానికి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు రాకుండా బండి విప్పవద్దు. ఆ కాగితం నకలు మండల కార్యదర్శికి ఇవ్వండి, వినతిపత్రానికి జతచేస్తాం. ఇప్పటికే పవర్ స్టీరింగ్ వేయించుకున్నవారు వచ్చే సమావేశానికి బండితోనే రండి. డ్రాప్ ఆర్మ్, ఛాసీ, స్ప్లిట్ పిన్నులు అక్కడే జాకీ వేసి చూద్దాం.