బొమ్మల్లో ఆడపిల్ల, మన ఇంట్లో ఆడపిల్ల



ఇక్కడ ధర్మపురిలో మన ఇళ్ళలో మాట తెలుగు, బయట తమిళం. పిల్లలు చూసే బొమ్మలు మాత్రం జపాన్‌వి. డోరేమాన్ తెలియని పిల్లలు లేరు. 1969లో మొదలైన ఆ కథలో నోబితా తల్లి వంటింట్లోనో, కొడుకు మార్కులు చూసి కేకలేస్తూనో కనిపిస్తుంది. తండ్రి ఆఫీసు నుంచి వస్తాడు. షిజుకా బాగా చదువుతుంది, అందరితో మంచిగా ఉంటుంది. కానీ కథ ఆమెకు చూపించే భవిష్యత్తు ఏమిటి? నోబితాకు భార్య కావడం. అంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఆమె స్నానం చేస్తుండగా నోబితా వచ్చి పడడాన్ని పదే పదే నవ్వులాటగా చూపిస్తారు. ఆ పిల్ల సిగ్గుతో అరుస్తుంటే మన పిల్లలు నవ్వుతారు. పక్కన కూర్చుని మనమూ నవ్వాం.

"బొమ్మలే కదా" అంటారేమో. మనం ఉన్నది ఏ జిల్లాలో? ఆడబిడ్డను చంపవద్దు, మాకు అప్పగించండి అని ప్రభుత్వం 1992లో సేలంలో ఉయ్యాలలు పెట్టింది. 2001లో ఆ పథకం ధర్మపురికీ వచ్చింది. ఆడపిల్ల భారమనే ఆలోచన ఒక్కరోజులో పుట్టదు. అన్నకు ట్యూషన్, చెల్లికి అంట్లు అన్న చోట మొదలవుతుంది. బొమ్మలు దాన్ని నవ్విస్తూ నేర్పుతాయి.

తప్పు జపాన్‌ది మాత్రమే కాదు, మన సినిమాలూ తక్కువేం కాదు. జపాన్‌లోనే మంచి బొమ్మలూ ఉన్నాయి. మియజాకి 2001లో తీసిన 'స్పిరిటెడ్ అవే'లో చిహిరోకు పదేళ్ళు. పందులుగా మారిన తల్లిదండ్రులను విడిపించుకోవడానికి స్నానశాలలో పనికి కుదురుతుంది. భయపడుతుంది, ఏడుస్తుంది, అయినా వెనక్కి తగ్గదు. ఆ సినిమాకు 2003లో ఆస్కార్ వచ్చింది.

మన బైబిలులోనూ అలాంటి ఆడపిల్లలున్నారు. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో పాలు అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు తీర్పు చెప్పాడు. మరియ తన పాదాల దగ్గర కూర్చుని వాక్యం వింటుంటే యేసు ఆమెను వంటింట్లోకి పంపలేదు. మరి మన సంఘాల్లో ప్రేమవిందు రోజు అంట్లు తోమేది ఎవరు? కమిటీలో కూర్చునేది ఎవరు?

పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవద్దు. పక్కన కూర్చుని అడుగుదాం: "షిజుకా స్థానంలో నువ్వుంటే నీకు నవ్వొచ్చేదా?" తమ్ముళ్ళూ, ఈ రాత్రి మీ కంచం మీరే కడగండి. మీ చెల్లి పుస్తకం పట్టుకుని కూర్చోనివ్వండి. న్యాయం అక్కడ మొదలుపెడదాం.

దేవుడు మనకు సహాయం చేయును గాక. ఆమెన్.